పక్కన కూర్చున్న రంగు

రామక్క ఫోటోను ఒక్క చూపు చూసి బల్ల మీద బోర్లించేసింది.

"ఈయప్ప నా మొగుడు కాదు పాపా," అంది.

శివగంగ ఫోటోను మళ్ళీ వెల్లకిలా తిప్పింది. మొదటిసారి చేసిచ్చినప్పుడూ రామక్క ఇట్లనే బోర్లించింది. ఇది రెండోసారి.

"అదేంది పెద్దమ్మా! మొహం ఆయనదే గదా? నువ్విచ్చిన ఫోటోలోదే గదా?"

"మొహం ఆయప్పదే. మనిషి ఆయప్ప కాదు."

పక్కన నిలబడిన కూతురు నాగవేణి తల్లి చెయ్యి పట్టుకుంది. "ఇంగ చాల్లేమ్మా. ఉండేది ఉన్నట్టే తీసుకుపోతా," అంది. ఆ పిల్ల చేతులకు పెండ్లి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. మొగుడికి సూరత్‌లో మరమగ్గాల మీద పని దొరికింది. మధ్యాహ్నం మూడింటి బండికి ఇద్దరూ పోతున్నారు. మళ్ళీ ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలీదు.

"ఉన్నట్టే ఎట్ల తీసుకుపోతావే? అంత దూరాన ఎవురినో గోడకు తగిలించుకొని, మా నాయన అని చెప్పుకుంటావా?" అని కూతుర్ని కసిరి, రామక్క గంగ వైపు తిరిగింది. "రెండింటికి వస్తాం పాపా. అయితే అయింది. కాకపోతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండేటట్టు ఇచ్చెయ్. అదే నయం."

తల్లీకూతుళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళ వీధి చివర ఉంది నూర్ స్టూడియో. అక్కడ కంప్యూటర్ మీద ఫోటోలు సరిచేసే పని శివగంగది. ఒక ఫోటోలోని మనిషిని తీసుకొచ్చి ఇంకో ఫోటోలో కలపాలంటే గంగే కలపాలి. నాలుగేళ్ళుగా అదే పని. మీసంలో ఒక్క వెంట్రుక కూడా తెగకుండా మనిషిని కత్తిరించగలదు. జుట్టు గాలికి రేగి ఉన్నా సరే, పోగు పోగూ విడదీసి తీసుకొస్తుంది. పక్క ఊళ్ళ స్టూడియోల వాళ్ళు కూడా చేతకాని ఫోటోలు ఆమెకే పంపిస్తారు. ఆ సంగతి గంగకూ తెలుసు. కొంచెం ఎక్కువే తెలుసు.

రామక్క మొగుడు చౌడప్ప మగ్గం నేసే మనిషి. కూతురి పెండ్లి కుదిరిన నెలకే గుండె ఆగి పోయాడు. పెండ్లి రోజు ఇంటివాళ్ళంతా ఫోటోకి కూర్చునేటప్పుడు, పెండ్లికూతురి పక్క కుర్చీలో రామక్క ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మేనమామ కూర్చోబోతే చెయ్యి పట్టి లేపేసిందట. "అది ఆయప్పది. వెనక వస్తాడు," అందట. నూర్ స్టూడియోకి ఇట్లాంటి ఖాళీ కుర్చీలు ఏడాదికి పదైనా వస్తాయి. గంగ వాటన్నిటినీ నింపింది. ఈ ఒక్క కుర్చీ మాత్రం నిండనంటోంది.

చౌడప్పది మంచి ఫోటో ఒక్కటే దొరికింది. నేత సంఘం మీటింగులో, నీలం రంగు గోడ ముందు, ట్యూబులైటు కింద, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. గంగ మొదటిసారి అతన్ని అట్లే కత్తిరించి కుర్చీలో పెట్టింది. రామక్క చూసి, "ఎవురో దావన పొయ్యే మనిషి నీడ కోసం వచ్చి కూర్చున్నట్టుంది," అంది. రెండోసారి గంగ పట్టుదలగా పూనుకుంది. కుర్చీ కింద నీడ వేసింది. అంచులు మెత్తన చేసింది. పెండ్లి ఫోటో కదా అని, స్టూడియోల్లో అందరికీ చేసినట్టే మొహం రెండు మెట్లు తెల్లబరిచింది. చొక్కా మెరిసిపోయేట్టు చేసింది. ఇదిగో, దానికి వచ్చిన మెప్పు ఇది.

గంగ ఆ ఫోటో తీసుకుని విసురుగా తలుపు దగ్గరకు నడిచింది.

తలుపు పక్కన చెక్క కుర్చీలో మదార్ సాబు కూర్చుని ఉన్నాడు. స్టూడియో ఆయనదే. డెబ్బై దాటిన మనిషి. తెల్ల గడ్డం, తెల్ల లాల్చీ, తెల్ల టోపీ. నలుపు తెలుపు ఫోటోల కాలంలో సన్నని కుంచెతో ఫోటోలకు రంగులు వేసేవాడు. చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో అవ్వల పెదవుల మీద ఎరుపు ఆయన వేసిందే. కంప్యూటర్‌ను మాత్రం ముట్టడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఆయన్ని ఉస్తాద్ అంటారు. నేర్పించేది మాత్రం పెద్దగా ఏమీ ఉన్నట్టు కనబడదు. గంగ చేరిన కొత్తల్లో మూడు నెలలు ఆమె చేత ఒకటే చేయించాడు. తలుపు దగ్గర కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్ళను చూడమన్నాడు. ఎందుకో చెప్పలేదు.

"ఉస్తాద్, చూడు. అంచు యాడన్నా కనబడుతుందా?"

మదార్ సాబు కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"లేదు బిడ్డా. అంచు లేదు."

"నీడ?"

"ఉంది."

"మరి ఏం తక్కువైంది? ఏంటికి కాదంటుంది ఆయమ్మ?"

"అంచు లేదు," అన్నాడు ఆయన మళ్ళీ. "మనిషీ లేడు."

గంగకు కోపం వచ్చింది. కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "నాలుగు రోజులు చేసినా ఉస్తాద్! మీసం ఒక్కొక్క వెంట్రుకా కోసినా! ఇంగేం చెయ్యల్ల?"

"ఇంగ కొయ్యొద్దు," అని ఫోటో ఆమె చేతికిచ్చి ఆయన లేచాడు. మోకాళ్ళు టక్కుమన్నాయి. "రా. ఎండ బాగుంది."

"ఎండలోకి ఏంటికి? రెండింటికి వస్తారు వాళ్ళు!"

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

స్టూడియో వెనక రంగుల హనుమంతు పెరడు ఉంది. పట్టునూలుకు రంగులద్ది ఆరేసే చోటు. అటు నుంచి ఇటు వెదురు గడలు కట్టి, వాటి మీద అప్పుడే రంగులో ముంచి తీసిన నూలు కట్టలు బారుగా వేలాడదీస్తారు. ఆ పొద్దు ఒక వరసంతా పసుపుపచ్చ. ఇంకో వరస కుంకుమ ఎరుపు. చివర్న నెమలికంఠం. పదకొండు గంటల ఎండ వాటి మీద పడి కళ్ళు చెదిరిపోతున్నాయి.

మదార్ సాబు ఒక స్టూలు లాక్కుని పసుపు నూలు పక్కన, దాదాపు దానికి ఆనుకుని, కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫోటో దిగే మనిషిలాగా నిటారుగా కూర్చున్నాడు.

తొట్టి దగ్గర నూలు పిండుతున్న హనుమంతు తల తిప్పి చూశాడు. "ఏం సాబూ, పెండ్లికొడుకు మాదిరి కూర్చున్యావు? నా నూలు మీద ఆనుకోవద్దు సామీ, తడి ఆరలేదు. రంగు అంటుకుంటుంది."

"అందుకే గదా వచ్చింది," అన్నాడు మదార్ సాబు. గంగ వైపు చూశాడు. "నా లాల్చీ ఏం రంగు?"

"తెలుపు."

"ఈ చేతి గుడ్డ?"

"తెలుపే ఉస్తాద్. ఏంది ఇది, చిన్నపిల్లోళ్ళ బడా?"

ఆయన లాల్చీ జేబులోంచి ఒక నల్ల అట్టముక్క తీశాడు. అగ్గిపెట్టెంత ఉంది. మధ్యలో శనగగింజంత చిల్లు. అట్ట మూలలు అరిగి గుండ్రమైపోయాయి. రంగులు వేసే కాలంనాటిదని చూస్తేనే తెలుస్తోంది.

"ఒక కన్ను మూసుకో. దీంట్లోంచి చూడు. నన్ను చూడొద్దు. చేతి గుడ్డ ఒక్కటే చూడు."

గంగ విసుక్కుంటూనే అట్టను కంటికి పెట్టుకుంది. నూలు వైపు ఉన్న ఆయన మోచేతి మీదకు చిల్లును తెచ్చింది.

తెచ్చి, అట్లే నిలబడిపోయింది.

అట్ట తీసి మామూలుగా చూసింది. తెలుపు. మళ్ళీ చిల్లులోంచి చూసింది. పసుపు! మజ్జిగచారు ఒలికినంత పసుపు! ఇంత రంగు కళ్ళ ముందుంటే ఇందాక తెలుపని ఎట్లా అంది?

"ఉస్తాద్!"

"ఆ పక్క చెయ్యి చూడు."

ఆ పక్క నూలు లేదు. ఆకాశమే ఉంది. ఆ చేతి మడతల్లో పలచగా నీలం. మోకాలి మీద లాల్చీ అంచుకు కింద ఎర్రమట్టి తాలూకు ఎరుపు. గడ్డంలో సగం పసుపు, సగం నీలం. టోపీ అంచు కింద కూడా పసుపే. గంగ చిల్లును ఆయన ఒళ్ళంతా తిప్పింది. ఒక్కచోట, ఒక్కచోటైనా ఉత్త తెలుపు కనబడితే ఒట్టు!

"ఎర్ర నూలు పక్కకు రా ఉస్తాద్! ఇటు రా! ఇటు కూర్చో!" అని గంగే స్టూలు ఎత్తుకుని పరుగెత్తింది. మదార్ సాబు నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నాడు. చెయ్యి గులాబీ రంగు అయిపోయింది. చెంప కూడా, చిన్నపిల్ల సిగ్గుపడినట్టు, ఎర్రబడింది.

"అయ్యో దేవుడా," అంది గంగ. నవ్వు ఆగలేదు. "హనుమన్నా! ఇటు రా, నిన్ను చూడల్ల!"

"నన్నేం చూస్తావమ్మా, రోజూ అన్ని రంగులూ నా మీదనే ఉంటాయి," అన్నాడు హనుమంతు మోచేతుల దాకా పసుపూ ఎరుపూ ఉన్న చేతులు పైకెత్తి.

గంగ ఎవరి మాటా వినడం లేదు. తొట్టిలో నీళ్ళు చూసింది. సున్నం కొట్టిన గోడ చూసింది. గోడకు ఆరేసిన తెల్ల తువ్వాలు చూసింది. నాలుగేళ్ళుగా కళ్ళు తెరుచుకునే తిరిగింది కదా, మరి ఇదంతా ఎక్కడ దాక్కుంది?

చూసి చూసి చటుక్కున ఆగింది. చేతిలో ఫోటో ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఫోటో మీద అట్ట పెట్టింది. పెండ్లికొడుకు పంచె మీద చిల్లు పెట్టింది. ఆ పంచె తెలుపు కాదు. పైన పసుపు షామియానా, పక్కన పెండ్లికూతురి బంతిపువ్వు రంగు పట్టుచీర, అన్నీ పడి ఆ పంచె కాచిన వెన్నలాగా ఉంది. నెమ్మదిగా చిల్లును చౌడప్ప చొక్కా మీదకు జరిపింది. సున్నంలో నీలిమందు కలిపినట్టు చల్లని తెలుపు. పెండ్లిలో ఉన్న మనిషి తెలుపు కాదది. మీటింగులో ట్యూబులైటు కింద ఉన్న మనిషి తెలుపు. ఆ ట్యూబులైటు ఆ మనిషిని వదలకుండా పెండ్లి పందిట్లోకి కూడా వెంట వచ్చింది!

"ఉస్తాద్," అంది గంగ, గొంతు చిన్నది చేసుకుని. "నేను ఈయన్ని..."

"పక్కన పెట్టినావు," అన్నాడు మదార్ సాబు. "కూర్చోబెట్టలేదు."

గంగ మెట్లు రెండేసి ఎక్కింది.

మొదట తెల్లబరిచిన మొహాన్ని తీసేసింది. చౌడప్ప నల్లటి మనిషి. ఆ నలుపు తిరిగి వచ్చింది. దాంతోపాటు కళ్ళ కింద ముడతలూ తిరిగి వచ్చాయి. ట్యూబులైటు నీలాన్ని కొంచెం కొంచెంగా లాగేసింది. చొక్కా వెన్నరంగులోకి దిగింది. కుర్చీ కింద తను వేసిన నీడను చిల్లులోంచి చూసుకుని నాలుక కరుచుకుంది. కాటుక పూసినట్టు నల్లగా వేసింది. పక్క కుర్చీల నీడలు నల్లగా ఎక్కడున్నాయి? కింద ఎర్ర తివాచీ పరిచి ఉంటే నీడ కూడా ముదురు ఎరుపే. పెండ్లికొడుకు జుట్టు నలుపులో కూడా గోధుమరంగు ఉంది. చౌడప్ప జుట్టు నలుపు ఒక్కటే ఇంకా నీలంగా ఉంది. దాన్నీ మార్చింది.

ఆఖరికి కూతురి పక్కనున్న చేతి దగ్గరకు వచ్చింది. ఊపిరి బిగబట్టి, మోచేతి నుంచి భుజం దాకా, పలచగా, చీర రంగు వేసింది. చెంప మీద కూడా, దవడ కింద, ఉందా లేదా అన్నంత.

గంగ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "వచ్చినాడు!" అని అరిచింది. "ఉస్తాద్, వచ్చినాడు! వచ్చి చూడు!"

మదార్ సాబు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఆయన మీద బిడ్డ రంగు పడింది."

"పడింది గదా!"

"బిడ్డ మీద?"

గంగకు అర్థం కాలేదు. తెర మీదకు వంగింది. అప్పుడు కనబడింది. ఫోటో తీసినప్పుడు ఆ కుర్చీ ఖాళీ. తెల్లచొక్కా మీద నుంచి తిరిగొచ్చే వెలుతురేదీ ఆ పక్క నాగవేణి మీద పడలేదు. అందుకే ఆ వైపు ఆమె చెయ్యి, గాజులు, భుజం, అన్నీ కొంచెం చీకట్లో ఉన్నాయి. అంతమంది మధ్య కూర్చున్నా, ఆ ఒక్క పక్క చీకటి.

గంగ మెల్లగా కూర్చుంది. నాన్న తెల్లచొక్కా వెలుతురు కొంచెం తీసుకుని కూతురి చేతి మీద వేసింది. గాజుల మీద చిన్న మెరుపు. చెంప మీద ఒక్క గీత.

ఫోటో ప్రింటయి బయటికి వస్తుంటే, గంగ రెండు చేతులూ కింద పట్టుకుని నిలబడింది.

రెండు కాకముందే రామక్క వచ్చింది. చంకలో సూరత్‌కు పంపే పచ్చడి జాడీ. వెనకే నాగవేణి, సంచులతో. ఆటో కింద ఆగి ఉంది. అల్లుడు తొందర పెడుతూ హారను కొట్టిస్తున్నాడు.

"ఖాళీ కుర్చీదే ఇస్తాండావా పాపా?" అంది రామక్క, ఆశ వదులుకున్న గొంతుతో.

గంగ ఫోటో చేతికిచ్చింది.

రామక్క జాడీ బల్ల మీద పెట్టి ఫోటో అందుకుంది. ఈసారి బోర్లించలేదు. దగ్గరకు తెచ్చుకుంది. ఇంకా దగ్గరకు తెచ్చుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి.

"చూడు... చూడు మళ్ళా!" అని గట్టిగా అరిచింది.

గంగ బల్ల మీదుగా ముందుకు వంగింది. "ఏమైంది పెద్దమ్మా?"

"పసుపు! కొత్త చొక్కాకి పసుపు పూసుకున్యాడు చూడు! ఎవురి పెండ్లికి పోయినా ఇదే కత ఈయప్పది. పెండ్లికూతురి పక్కన చేరేది, చెయ్యంతా పసుపు చేసుకొచ్చేది. 'యాడ అంటుకునిందో చూసుకోలేదే' అనేది. ఉతికి ఉతికి నా చేతులు పొయ్యేవి!" కొంగు తీసి, ఫోటోలో ఆ మోచేతి మీద గబగబా తుడిచింది. "సొంత కూతురి పెండ్లిలో కూడా ఇంతేనా నువ్వు? బుద్ధి రాదా నీకు?"

తుడుస్తూ తుడుస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది. కొంగు అట్లే ఫోటో మీద ఉండిపోయింది.

నాగవేణి తల్లి భుజం మీంచి తొంగి చూసింది. "నాయనా," అంది, ఎవరికీ వినబడకుండా. ఫోటోలో వెలుతురు పడిన తన చేతినే, తెలియకుండానే రెండో చేత్తో పట్టుకుంది.

కింద హారను మోగింది. ఎవరూ కదల్లేదు.

"పెద్దమ్మా, అది పసుపు కాదు, చీర..." అనబోయిన గంగ, తలుపు వైపు చూసి ఆగింది.

చెక్క కుర్చీలో మదార్ సాబు, ఇందాక పెరట్లో పసుపు నూలు వైపు ఉన్న లాల్చీ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంటున్నాడు. తడి నూలు నిజంగానే తగిలినట్టుంది. మోచేతి దగ్గర పసుపు మరక ఉంది.

ఆయన తలెత్తాడు.

"ఆ ఒక్కటీ ఉతకొద్దులే రామక్కా," అన్నాడు. "ఉండనీ."